పిల్లతో టర్కీ వేట: తెల్లవారుజామున చెట్టుకు ఎంత దూరంలో కూర్చోవాలి?

మా అమ్మాయికి 9 ఏళ్లప్పుడు అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో మొదటిసారి టర్కీ కోడి వేటకు తీసుకెళ్లాను. పుంజు ఏ చెట్టు మీద పడుకుందో ముందురోజు సాయంత్రమే కనిపెట్టేశాం కదా అని, చీకట్లో నక్కుతూ వెళ్లి ఆ చెట్టుకు 60 గజాల దూరంలో కూర్చున్నాం. అది దిగగానే ఎదురుగా ఉంటుంది, పిల్లకి ఎదురుచూపు తప్పుతుంది అని నా లెక్క. 5:40కి చలేసి పిల్ల జాకెట్ జిప్పు మెడదాకా లాగింది. జర్రుమని చిన్న చప్పుడు, అంతే. కొమ్మ మీంచి 'పట్' అని ఒక్క గట్టి కూత వచ్చింది. వెంటనే ఇంకో రెండు. కాసేపటికి గుంపు గుంపంతా వాగుకు అవతలి వైపు దిగి వెళ్లిపోయింది.

"నా వల్లేనా నాన్నా?" అంది పిల్ల. జిప్పు తనదే గానీ, తప్పు నాది. ఒంటరిగా వెళ్లే అనుభవజ్ఞుడికి 60 గజాలు సరిపోవచ్చు. పిల్ల పక్కన ఉన్నప్పుడు ఆ దూరం చాలదు. కింద రాసిందంతా ఆ ఉదయం నుంచి మొదలుపెట్టి, తర్వాత నేర్చుకుంటూ వచ్చింది. ఇది మిస్సౌరీ అడవుల్లో ఉండే ఈస్టర్న్ జాతి టర్కీ గురించి. మీరు టెక్సస్‌లో ఉంటే రియో గ్రాండే జాతి ఉంటుంది, ఫ్లోరిడా దక్షిణ భాగంలో ఓసియోలా. స్వభావం చాలావరకు ఒకటే గానీ నిబంధనలు మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

ముందు పక్షి సంగతి

మన పల్లెల్లో నాటుకోళ్లు పొద్దుగూకేసరికి చింతచెట్టో వేపచెట్టో ఎక్కి పడుకోవడం మీరు చూసే ఉంటారు. అడవి టర్కీదీ అదే అలవాటు. పగలు దాని కంటికి తిరుగులేదు. తల కాస్త తిప్పితే చాలు, చుట్టూ మొత్తం కనిపిస్తుంది. కానీ చీకట్లో సరిగా కనిపించదు. అందుకే నక్కలు, కొయోటీలు అందుకోలేనంత ఎత్తున, అడ్డంగా సాగిన పెద్ద కొమ్మలున్న చెట్టు చూసుకుని రాత్రి అక్కడ గడుపుతుంది. అలాంటి చెట్టునే వేటగాళ్లు రూస్ట్ అంటారు. మిస్సౌరీలో ఎక్కువగా వాగుల పక్కన ఉండే సికమోర్లు, కొండవాలు మీద ఉండే పెద్ద ఓక్ చెట్లు.

వసంతంలో పుంజు తెల్లవారకముందే కొమ్మ మీద నుంచే గొబగొబమని కూత మొదలుపెడుతుంది. దాన్నే గాబుల్ అంటారు. గాలి లేని ఉదయం ఆ కూత మైలు దూరం వినిపిస్తుంది. 'నేనిక్కడున్నాను, మీరే రండి' అని పెట్టలకు కబురన్నమాట. వేటంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. ప్రకృతిలో పెట్టే పుంజు దగ్గరకు వెళ్తుంది. మనం పెట్టలా కూసి పుంజునే మన దగ్గరకు రప్పించాలనుకుంటాం, అంటే దాని పద్ధతికి ఎదురు వెళ్తున్నాం. కాబట్టి అది రాకపోవడమే మామూలు, వస్తే విశేషం. పిల్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

వసంతంలో గడ్డం ఉన్న పక్షినే కొట్టాలి. గడ్డమంటే ఛాతీ మీంచి వేలాడే నల్లటి కుచ్చు. పెట్టలను పొదగనిచ్చి పుంజులను మాత్రమే తీసుకుంటే మంద దెబ్బతినదని ఈ పద్ధతి పెట్టారు. 20వ శతాబ్దం మధ్యనాటికి మిస్సౌరీలో ఈ పక్షి దాదాపు కనుమరుగైంది. ఉన్నవాటిని వలలతో పట్టి వేరే కౌంటీల్లో వదిలి, మళ్లీ పెంచాకే 1960లో వేట సీజన్ తెరిచారు. ఇదంతా ఫోన్లో మా అమ్మకి చెప్తే, "నెమలిని కొట్టినట్టు కాదూ?" అంది. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పెరిగిన మనకి ఆ ప్రశ్న రావడం సహజమే. దీని మీద మీకూ మీ ఇంట్లోవాళ్లకూ ఒక మాట కుదిరాకే తర్వాతి పనులు మొదలుపెట్టండి. పిల్లకి ఇష్టం లేకపోతే ఇక్కడితోనే ఆపేయండి.

కాగితాలు: జనవరిలోనే మొదలుపెట్టండి

మిస్సౌరీలో ప్రధాన సీజన్‌కి ముందు ఏప్రిల్‌లో ఒక శని, ఆదివారాలు పిల్లలకు మాత్రమే కేటాయిస్తారు. 6 నుంచి 15 ఏళ్ల వాళ్లకి. ఆ రెండు రోజులూ పెద్దలు పక్కన ఉండొచ్చు గానీ కాల్చకూడదు. అడవి ఖాళీగా ఉంటుంది, పుంజులు ఇంకా బెదిరి ఉండవు. పిల్లతో వెళ్లడానికి ఇంతకంటే మంచి రోజులు లేవు.

11 ఏళ్లు నిండితే పిల్లలు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది లేని పిల్ల వేటాడాలంటే పక్కనే, అరవకుండా మామూలుగా మాట్లాడితే వినపడేంత దగ్గరలో, అర్హత ఉన్న పెద్దవాళ్లు ఉండాలి. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పెద్దలకైతే ఆ సర్టిఫికెట్ తప్పనిసరి. అంటే ఇది చదువుతున్న వాళ్లలో దాదాపు అందరికీ. కోర్సు కష్టమేమీ కాదు. నేను పిల్లతో కలిసి చదివాను, క్విజ్‌లో తనకే ఎక్కువ మార్కులు వచ్చాయి. వేట పర్మిట్ మిస్సౌరీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్ వాళ్ల దగ్గర కొనాలి. ప్రతి ఏడాదీ వాళ్లు వసంత టర్కీ నిబంధనల పుస్తకం ఇస్తారు. కొన్నేళ్లుగా వేళలు, గడువులు మారుతూ వస్తున్నాయి కాబట్టి పోయినేడాది పుస్తకాన్ని నమ్ముకోవద్దు.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఒకటుంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉంటే ఈ చిక్కు లేదు. పర్మిట్ చేతికి రాకముందే 'ఫ్రెండు తుపాకీయే కదా, కాల్పులు సాధన చేసే రేంజిలో ఒకసారి చూద్దాం' అనుకోకండి. వీసా మీద ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి, మీకూ పిల్లకూ విడివిడిగా ఏం వర్తిస్తుందో తెలుసుకోండి.

ఇక స్థలం. మిస్సౌరీలో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. ఒక రైతు గుమ్మం దగ్గరకు పిల్లని వెంటబెట్టుకుని, పగటిపూట, శుభ్రమైన బట్టల్లో వెళ్లి అడగండి. నాకు ముగ్గురు కాదన్నారు, నాలుగో ఆయన పిల్లని చూసి ఒప్పుకున్నాడు. కుదరకపోతే ప్రభుత్వ కన్సర్వేషన్ ఏరియాలున్నాయి, దక్షిణాన మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్టు ఉంది. కానీ అక్కడ మీరొక్కరే ఉండరు. అది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

తుపాకీ పిల్లకి సరిపోవాలి

నాకు ఇండియాలో తుపాకీ ముట్టుకున్న అనుభవం కూడా లేదు. అందుకే ఈ భాగానికి అందరికంటే ఎక్కువ టైమ్ తీసుకున్నాను, మీరూ తీసుకోండి.

మిస్సౌరీలో షాట్‌గన్ వాడొచ్చు, అంటే ఒక్క తూటాలోంచి బోలెడు చిన్న గుండ్లు చిమ్మే తుపాకీ. గుండ్లు 4వ నంబరు కంటే పెద్దవి ఉండకూడదు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). పిల్లకి 12 గేజ్ వద్దు. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం. దాని తన్నుడుకి ఒక్కసారి భుజం నొప్పి పుడితే తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసేసుకుంటారు. 20 గేజ్ గానీ, దానికంటే సన్నమైన .410 గానీ, పిల్లల సైజులో వచ్చే పొట్టి బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) ఉన్నది తీసుకోండి. ఒకప్పుడు .410ని టర్కీకి పనికిరాదనేవారు. టంగ్‌స్టన్‌తో చేసిన టీఎస్‌ఎస్ గుండ్లు వచ్చాక ఆ మాట మారింది. సీసం కంటే ఎంతో బరువైన లోహం కాబట్టి, 9వ నంబరంత చిన్న గుండు కూడా లోతుగా దిగుతుంది. ఖరీదు ఎక్కువే, ఒక్కో తూటా ఒక పూట భోజనమంత. కాబట్టి సాధన మొత్తం తక్కువ తన్నే చవక తూటాలతో చేయించి, ఖరీదైనది రెండుసార్లు మాత్రం కాగితం మీద కాల్చి చూడండి.

కాగితం ఎలాగంటే, టర్కీ తల, మెడ బొమ్మ ఉన్న టార్గెట్ కొని 15, 20, 25, 30 గజాల్లో పెట్టండి. ఎంత దూరం వరకు గుండ్లు దట్టంగా మెడ మీద పడుతున్నాయో చూడండి. ఆ దూరంలోంచి 5 గజాలు తీసేయండి. అదే మీ పిల్ల హద్దు. మా అమ్మాయికి 25 గజాలు వచ్చింది, మేం 20 అనుకున్నాం. తుపాకీ బరువు పిల్ల చేతుల మీద పడకుండా మూడు కాళ్ల స్టాండు పెట్టండి. బ్యారెల్ మీది పూస కంటే రెడ్ డాట్ సైటు పిల్లలకు తేలిక: ఎర్రచుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి. ఒక్క తూటానే నింపండి. చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు రేంజిలోనూ, అడవిలోనూ. చిన్న శబ్దాల్ని వినిపిస్తూ పేలుడుని మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ మఫ్స్ దొరుకుతాయి. పిల్లకి గాబుల్ వినపడాలి కదా.

ఇంట్లో ఖాళీ తుపాకీతో నాలుగు సూత్రాలు రోజూ చెప్పించండి: ప్రతి తుపాకీ నిండినదే అనుకో, కాల్చకూడనిదాని వైపు మూతి తిప్పకు, కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, గురి ఏమిటో దాని వెనక ఏముందో తెలుసుకో. ఎక్కాలు అప్పజెప్పినట్టు తడుముకోకుండా రావాలి.

చెట్టుని కనిపెట్టడం

సీజన్‌కి రెండు మూడు వారాల ముందు నుంచి వారాంతాల్లో వెళ్లండి. పిల్లకి అసలు సరదా ఇక్కడే. పెద్ద చెట్ల కింద నేల చూడండి. రెట్టలు కుప్పగా ఉన్నాయంటే పైన పడుకుంటున్నాయని అర్థం. పుంజు రెట్ట ఆంగ్ల 'జె' అక్షరంలా వంకర తిరిగి పొడుగ్గా ఉంటుంది, పెట్టది నత్త గుల్లలా చుట్టుకుని ఉంటుంది. పిల్లలకి ఈ ఒక్క విషయం చెప్తే అడవంతా పరిశోధన మొదలుపెడతారు. రాలిన ఈకలు, ఆకులు తిరగేసి గీరిన నేల, బురదలో మూడువేళ్ల అడుగులు కూడా ఆనవాళ్లే.

వేట ముందురోజు సాయంత్రం సూర్యాస్తమయానికి గంట ముందు దూరంగా, ఎత్తు మీద కూర్చోండి. చీకటి పడే వేళ రెక్కల చప్పుడు పెద్దగా, దుప్పటి దులిపినట్టు వినిపిస్తుంది. అవి చెట్టెక్కుతున్నాయి. వినపడకపోతే గుడ్లగూబ కూత కూయండి. ఇక్కడి బారెడ్ గుడ్లగూబ 'హూ హూ హుహూ, హూ హూ హుహూహా' అని కూస్తుంది. ఆ గట్టి శబ్దానికి పుంజు ఉలిక్కిపడి తనకు తెలియకుండానే గాబుల్ అంటుంది. రెండుసార్లు చాలు. కూత వచ్చిన వైపు ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకుని, అవి పూర్తిగా సర్దుకున్నాక, బాగా చీకటి పడ్డాక అక్కడి నుంచి కదలండి.

మాటు ఎక్కడ వేయాలి

మొదట్లో చెప్పిన 60 గజాల సంగతి ఇక్కడికి వస్తుంది. ఒంటరి వేటగాళ్లు 100 గజాల దాకా వెళ్తారు. పిల్లతో అయితే నేను 150కి తగ్గను, ఆకులు ఇంకా చిగురించని ఏడాదైతే 200. ఏప్రిల్ మొదట్లో అడవి బోడిగా ఉంటుంది, పైనుంచి చూసే పక్షికి నేల మీద నడిచే మనం పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తాం. దూరంగా ఉంటే పిల్ల తుమ్మొచ్చు, కాళ్లు చాపొచ్చు, 'ఇంకెంతసేపు' అని గుసగుసలాడొచ్చు. ఇంకోటి, అంత దూరంలో చెట్టు మీది పక్షిని కాల్చాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు. నిద్ర కొమ్మ మీద ఉన్న పక్షిని కాల్చడం కొన్ని రాష్ట్రాల్లో నేరం. నేరం కాని చోట కూడా దాన్ని వేట అనరు.

దూరం ఒక్కటే కాదు, దిక్కు కూడా. దిగిన తర్వాత పక్షులు ఎటు వెళ్తాయో మీ వారాంతపు తిరుగుళ్లలో తెలిసి ఉంటుంది. ఎక్కువగా మేతకు, పుంజు పురి విప్పి తిరగడానికి అనువైన ఖాళీ పొలం వైపు వెళ్తాయి. ఆ దారి పక్కన కూర్చోండి. పుంజుకీ మీకూ మధ్య వాగు, ముళ్లకంచె, దట్టమైన పొద ఉండకూడదు. ఎగిరి దాటగలిగినా, ఎందుకో అది దాటదు. అవతల నిలబడి గంటసేపు కూస్తుంది. పుంజుకి సమానమైన ఎత్తులో గానీ కాస్త పైన గానీ ఉండండి.

పిల్లతో టెంటులాంటి మడత మాటే మేలు. దాన్ని పాప్-అప్ బ్లైండ్ అంటారు. రైతు ఒప్పుకుంటే రెండు రోజుల ముందే వేసి ఉంచండి. లోపల నల్ల చొక్కా, వెనక కిటికీలన్నీ మూసి, ముందు ఒకటో రెండో సందులు. వెనక వెలుతురు ఉంటే మీ నీడ తెరమీద బొమ్మలా కదులుతుంది. మాటు లేకుండా కూర్చుంటే మీ భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించండి, పిల్ల మీ కాళ్ల మధ్య కూర్చోవాలి. వీపు వెనక చెట్టు మిమ్మల్ని దాచడానికి మాత్రమే కాదు, వెనక నుంచి వచ్చే ఇంకో వేటగాడి తప్పుడు గురి నుంచి కాపాడటానికి కూడా.

ముందు 15 గజాల్లో డెకాయ్ పెట్టండి. మన పాత వేటగాళ్లు దీమపు పిట్ట అనేది ఇదే. ఒక పెట్ట బొమ్మ చాలు. దాన్ని పెట్టిన చోటు మీకు బాగా కనిపించాలి, ఆ వైపు నుంచి ఎవరైనా మనిషి వస్తే దూరం నుంచే తెలియాలి. 20 గజాల దగ్గర నాలుగు వైపులా చిన్న కర్రలు గుచ్చి, "ఈ కర్ర దాటి లోపలికి వస్తేనే" అని పిల్లకి చూపించండి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అంకెల కంటే కర్ర బాగా అర్థమవుతుంది.

ముందురోజు రాత్రి సంచి

ఎరుపు, తెలుపు, నీలం ఏదీ ఒంటి మీద ఉండకూడదు, సాక్సు, లోపలి బనీను, టిష్యూ కాగితంతో సహా. కూతకొచ్చిన పుంజు తలమీద ఉండే రంగులు సరిగ్గా అవే. పొదల్లో ఎర్రగా కదిలింది చూసి ఇంకో వేటగాడు తొందరపడితే ప్రాణం మీదకు వస్తుంది.

తిండి విషయంలో నేను నేర్చుకున్నది: చేగోడీలు, చిప్స్ వద్దు. చిప్స్ పొట్లం విప్పే చప్పుడు ఒకటి, కొరికే చప్పుడు ఇంకోటి. సున్నుండలు, అరటిపండు, మెత్తటి చపాతీ చుట్టలు. ప్లాస్టిక్ కవర్ కాకుండా గుడ్డ సంచిలో. జాకెట్‌కి జిప్పు కాకుండా గుండీలుంటే మంచిది, లేకపోతే బయల్దేరేటప్పుడే మెడదాకా వేసేయండి. కూర్చోడానికి మందపాటి దిండు, చిన్న దుప్పటి. నీళ్లు తక్కువ తాగించి, బాత్రూమ్ పని కారు దగ్గరే పూర్తి చేయించండి.

దక్షిణ మిస్సౌరీలోని ఒజార్క్స్ కొండల్లో పిడుదులు విపరీతం. రోజు ముందే బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే చేసి పూర్తిగా ఆరనివ్వండి. ఒంటికి రాయకూడదు. ఇక్కడి లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే అలర్జీ వస్తుంది. అప్పట్నుంచి మేక, గొర్రె, పశుమాంసం తింటే దద్దుర్లు, ఒక్కోసారి ప్రాణాపాయం. మటన్ బిర్యానీ జీవితాంతం వదులుకోవాల్సి రావచ్చు అని చెప్తే మా ఇంట్లో అందరూ ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దూర్చారు.

చీకట్లో నడక

ఏప్రిల్ మధ్యలో ఇక్కడ సూర్యోదయం సుమారు 6:30కి. చట్టప్రకారం అరగంట ముందు నుంచి, అంటే 6 గంటల నుంచి కాల్చవచ్చు. మొదటి గాబుల్ 5:45 ప్రాంతంలో వస్తుంది. కాబట్టి 5:10కల్లా మాటులో ఉండాలి. పిల్ల నడక లెక్కేసుకుని 4:40కి కారు దిగండి. కారు తలుపు దబ్బున వేయొద్దు, ఆనించి నొక్కండి.

తుపాకీ ఖాళీగా, తెరిచి, మీ చేతిలో. పిల్ల మీ వెనక. లైటు నేల మీదికి మాత్రమే, మాటుకు 100 గజాల నుంచి అదీ వద్దు. ప్రభుత్వ భూమిలో అయితే నడిచేటప్పుడు ఇద్దరికీ ఆరెంజ్ టోపీ ఉండాలి. కూర్చున్నాక తీసి సంచిలో పెట్టొచ్చు. ఎవరైనా ఎదురొస్తే చేయి ఊపవద్దు, టర్కీలా కూయవద్దు. కదలకుండా గట్టిగా, మామూలు మనిషి గొంతుతో పిలవండి. పిల్లకి ఇది ఒకసారి ఇంట్లోనే ఆడించి చూపించండి. ఇంకొకరి గాబుల్ కూత వైపు నక్కుతూ వెళ్లడం ఎప్పుడూ చేయకూడదు. అది నిజం పుంజు కాకపోవచ్చు.

6 గంటలు అయ్యాక, పిల్ల సర్దుకున్నాక, తుపాకీ స్టాండు మీద నిలిచాక తూటా పెట్టండి. సేఫ్టీ, అంటే తుపాకీ పేలకుండా ఆపే మీట, ఆన్.

పిలుపు: తక్కువ కూస్తేనే వస్తుంది

తెలతెలవారుతుండగా కొమ్మ మీద పుంజు మొదలుపెడుతుంది. ఆ క్షణం మాటలో పెట్టడం కష్టం. రెండో ఏడాది మాకు 150 గజాల దూరంలో, బూడిదరంగు ఆకాశం మీద సికమోర్ తెల్ల కొమ్మ, దాని మీద నల్లటి ముద్ద. ముద్ద మెడ చాచింది, కొమ్మ ఊగింది, ఆ తర్వాత అర సెకను ఆలస్యంగా కూత మా దగ్గరకు వచ్చింది. పిల్ల నా మోకాలు గట్టిగా పట్టుకుంది. కాల్చడం గురించి ఇద్దరం మర్చిపోయాం.

వెంటనే బదులివ్వాలని చేయి దురద పెడుతుంది. ఆగండి. నిద్రలేచిన పెట్ట మెల్లగా, ముక్కుతున్నట్టు మూడు నాలుగు కూతలు కూస్తుంది. అదే ట్రీ యెల్ప్. అంత మెల్లగా ఒక్కసారి కూయండి. పుంజు జవాబిస్తే మీరున్న చోటు దానికి తెలిసిపోయింది, ఇక నోరు మూసుకోండి. మీరు కూస్తూనే ఉంటే అది కొమ్మ మీదే కూర్చుని 'పెట్టే వస్తుందిలే' అని చూస్తుంది. తెలతెల్లగా వెలుగొచ్చి, రెక్కల చప్పుడు వినపడ్డాక టోపీని తొడ మీద పదిసార్లు తపతపా కొట్టి, పెట్ట దిగినట్టు కిలకిలమనండి. తర్వాత ఐదారు యెల్పులు, కాస్త ఆగి ఆకుల్ని చేత్తో గీరండి: రెండు గీతలు, విరామం, ఒక గీత. మేత గీరే పెట్టలా.

ఈ గీరే పని పిల్లకి ఇచ్చేయండి. కూతకి నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ పిల్లలకు కష్టం. పెట్టె మూత రుద్దితే మోగే బాక్స్ కాల్ కొంచెం తేలిక, వేలితో నొక్కే పుష్-బటన్ అన్నిటికంటే తేలిక. కారులో వెళ్తున్నంతసేపూ వాయించి మీ ప్రాణం తీస్తారు, పోనీయండి. రికార్డు చేసిన కూతలు వినిపించడం మాత్రం నిషేధం. ఫోన్ జేబులోనే.

పుంజు జవాబివ్వడం మానేస్తే వెళ్లిపోయిందనుకోవద్దు. తరచుగా అది మాట్లాడకుండా నడిచి వస్తూ ఉంటుంది. కనీసం 40 నిమిషాలు ఆగండి. పిల్ల నిద్రపోతే నిద్రపోనివ్వండి.

కాల్చేముందు

దగ్గరకొచ్చేసరికి చెవికి కాదు, గుండెకి ఒక శబ్దం తెలుస్తుంది. దూరంగా ట్రాక్టర్ స్టార్టయినట్టు, 'చ్‌ఫ్... డూమ్మ్'. పురి విప్పి రెక్కలు నేలకి రాస్తూ పుంజు చేసే చప్పుడు. తల ఎర్రగా, నుదురు తెల్లగా, చెంపలు నీలంగా ఉంటాయి. పిల్ల ఊపిరి తుస్‌తుస్‌మంటుంది, తుపాకీ మూతి వణుకుతుంది. మీ పని గుసగుసగా, కథ చెప్తున్నంత నెమ్మదిగా మాట్లాడటం: "కర్ర దాటిందా? గడ్డం కనిపిస్తోందా? వెనక ఇంకో పక్షి ఉందా?"

పురి విప్పి ఉన్నప్పుడు కాల్చనివ్వకండి. మెడ ముడుచుకుని ఉంటుంది, గుండ్లు ఒంటికి తగిలి గాయంతో పారిపోతుంది. పిల్ల "రెడీ" అన్నాక మీరు నోటితో ఒక్కసారి 'టక్' అనండి. పుంజు ఆగి తల పైకెత్తుతుంది. బోడి మెడ, ఈకలు కలిసే చోట ఎర్రచుక్క. అప్పుడే సేఫ్టీ తీయమనండి. మిగతాది తను నిర్ణయించుకోవాలి. "కాల్చు, కాల్చు" అనకండి.

మా రెండో ఏడాది పుంజు సరిగ్గా కర్ర దగ్గర ఒకటిన్నర నిమిషం నిలబడింది. పిల్ల సేఫ్టీ తీయలేదు. "చాలా బాగుంది నాన్నా, చూస్తున్నా" అంది. అది వెళ్లిపోయింది. నాకు కొంచెం చురుక్కుమన్న మాట నిజమే, ముఖంలో కనపడనివ్వలేదని ఆశ. మూడో ఏడాది, 11 ఏళ్లకి, తనే కాల్చింది. 17 గజాలు.

పడ్డాక

పిల్లని పరిగెత్తనివ్వకండి. సేఫ్టీ ఆన్ చేసి, తుపాకీ మీరు తీసుకుని, ఖాళీ చేసి, అప్పుడు నడవండి. పక్షి కాసేపు రెక్కలు కొట్టుకుంటుంది, పిల్లలు దాన్ని చూసి బెదురుతారు. అది ప్రాణం పోయాక కూడా జరుగుతుందని ముందే చెప్పి ఉంచండి. కాళ్ల వెనక ముల్లు అంగుళం పైన కూడా ఉండొచ్చు, చర్మం చీలుస్తుంది. చేత్తో పట్టేముందు పూర్తిగా ఆగనివ్వండి. ఏడుపు వస్తే రానివ్వండి. మా అమ్మాయి ఏడ్చింది, తర్వాత రెక్క విప్పి ఈకలు లెక్కపెట్టింది, రెండూ ఐదు నిమిషాల్లో.

అక్కడికక్కడే పర్మిట్ మీద గుర్తు పెట్టి, అదే రోజు గడువులోగా డిపార్ట్‌మెంట్ వాళ్ల టెలీచెక్ అనే నమోదు వ్యవస్థలో నమోదు చేయండి. కారు వరకు మోసేటప్పుడు పక్షిని ఆరెంజ్ గుడ్డలో పూర్తిగా చుట్టండి. భుజం మీద వేలాడే టర్కీ తల, తోక దూరం నుంచి బతికున్న పుంజులాగే కనిపిస్తాయి.

ఇంటికి రాగానే స్నానం, దానితో పాటే పిడుదుల వెతుకులాట: చెవుల వెనక, చంకలు, మోకాళ్ల వెనక, బొడ్డు, జుట్టు. దొరికితే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు.

మాంసం విషయం. ఛాతీ మెత్తగా, కొవ్వు లేకుండా ఉంటుంది, వేలెడు ముక్కలు కోసి అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి వేపుడు చేయండి. ఎక్కువ వేయిస్తే పీచు అవుతుంది. కాళ్లు మాత్రం మొండివి, నరాలు ఎండు పుల్లల్లా ఉంటాయి. కుక్కర్‌లో 8 విజిల్స్ తర్వాత ఎముక నుంచి మాంసం విడదీసి, చింతపండు పులుసు పెట్టండి. వండే ముందు ముక్కలన్నీ వేళ్లతో నొక్కి గుండ్లు ఏరండి. టంగ్‌స్టన్ గుండు పంటి కింద పడితే పన్నే పోతుంది.

రెక్క ఎముకలు పారేయకండి. రెక్కలోని మూడు ఎముకల్ని ఉడికించి, మజ్జ తీసి, చివరలు కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి జిగురు పెడితే పీల్చి మోగించే కూత సాధనం అవుతుంది. వింగ్‌బోన్ కాల్ అంటారు, ఇక్కడి మూలవాసులు ఎంతో కాలం ముందు నుంచీ చేస్తున్నదే. మా అమ్మాయి తన పుంజు ఎముకలతో ఒకటి చేసింది. ఆరు వారాలుగా రోజూ పడుకునే ముందు పీలుస్తోంది. ఇప్పటికైతే గాలి తప్ప ఏమీ రాలేదు.